టర్బో లేని చిన్న విమానంతో పది వేల అడుగుల పైకి వెళ్లవచ్చా?

రాజోలు_రెక్కలు
అరిజోనాలో ప్రైవేటు పైలట్ లైసెన్సు వచ్చింది. ఇప్పుడు కమర్షియల్ కోసం గంటలు పోగుచేసుకుంటున్నాను. నా శిక్షణంతా 1,500 అడుగుల ఎత్తు దాటని ఊళ్లోనే జరిగింది. పోయిన నెల ఇద్దరు స్నేహితులను ఎక్కించుకుని సెస్నా 172ఎస్‌లో ఫ్లాగ్‌స్టాఫ్ వెళ్లాను. అక్కడ విమానాశ్రయమే 7,014 అడుగుల ఎత్తులో ఉంది. దిగడం బాగానే దిగాము. భోజనం చేసి ఒంటిగంటకు తిరుగు ప్రయాణం కట్టాము. ఎండ 30 డిగ్రీలు. నాకు నేర్పినట్లే, ఇంజనుకు పోసే పెట్రోలును సర్దే మిక్స్చర్ నాబ్ పూర్తిగా లోపలికి నెట్టి, థ్రాటిల్ అంతా తెరిచి, బ్రేకులు వదిలాను. విమానం కదిలింది గానీ పరుగు అందుకోలేదు. రన్‌వే పొడవు 8,800 అడుగులు కాబట్టి సరిపోయింది. నేల వదిలిన తర్వాత కూడా మళ్లీ కూర్చోబోయింది. ఎదురుగా పైన్ చెట్లు. ఎక్కే వేగం చూపే ముల్లు నిమిషానికి 150 అడుగుల దగ్గర వణుకుతూ నిలబడింది. ముక్కు ఎత్తితే వేగం పడిపోతోంది, దించితే చెట్లు దగ్గరవుతున్నాయి. నేల పల్లంగా ఉన్న దిక్కుకు మెల్లగా తిప్పుకుని బయటపడ్డాను. వెనక కూర్చున్నవాడికి ఏమీ తెలియలేదు, కిటికీలోంచి ఫోటోలు తీసుకుంటున్నాడు. నా చొక్కా మాత్రం తడిసి ముద్దయింది.

ఇప్పుడు డెన్వర్‌లో ఉన్న మిత్రుడు కొలరాడో కొండల్లోని లెడ్‌విల్ వెళదామంటున్నాడు. ఎత్తు 9,934 అడుగులు. ఉత్తర అమెరికాలో అందరికీ తెరిచి ఉండే విమానాశ్రయాల్లో అన్నిటికన్నా ఎత్తైనది అదే. అక్కడ దిగిన పైలట్‌కు ఒక ధ్రువపత్రం కూడా ఇస్తారు. మాకు దొరికేది మళ్లీ 172ఎస్, 180 హార్స్‌పవర్, టర్బో (పొగ బలంతో తిరుగుతూ ఇంజనులోకి గాలిని తోసే పంకా) లేదు. ఫ్లాగ్‌స్టాఫ్ తర్వాత నా ధైర్యం సడలింది. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి, వెళ్లవచ్చా?

తణుకు_బుల్లెట్
విమానం సంగతి తెలియదు గానీ ఈ బాధ నాకు తెలుసు. కార్బ్యురేటర్ ఉన్న పాత బుల్లెట్ మీద ఖర్దూంగ్ లా ఎక్కాను. బోర్డు మీద 18,380 అని ఉంటుంది, నిజానికి 17,582 అడుగులేనట. చివరి పది కిలోమీటర్లు మొదటి గేరులోనే. పొగ గొట్టం నల్లగా కక్కింది. తణుకులో ఇద్దరిని ఎక్కించుకుని పరిగెత్తే బండి అక్కడ నన్నొక్కడినీ మోయలేకపోయింది.

యానాం_తీరం
వెళ్లవద్దు. ఫ్లాగ్‌స్టాఫ్‌లో దేవుడు ఒకసారి చూపించాడు, రెండోసారి అడగకూడదు. నేను దక్షిణాఫ్రికాలో నేర్చుకున్నాను. జొహన్నెస్‌బర్గ్ చుట్టుపక్కలంతా 5,000 అడుగుల పైన ఉన్న పీఠభూమి. అక్కడే వేసవి మధ్యాహ్నాలు నలుగురితో ఎగరనిచ్చేవారు కాదు. నువ్వు దానికి దాదాపు రెట్టింపు ఎత్తు గురించి అడుగుతున్నావు. కొండల్లోకి టర్బో లేకుండా వెళ్లేవాడు ప్రాణం తాకట్టు పెట్టినట్లే.

నరసాపురం_ఫిట్టర్
బాబూ, నీ విమానానికి ఏ జబ్బూ లేదు. నేను దుండిగల్‌లో వాయుసేన శిక్షణ విమానం హెచ్‌పీటీ-32 దీపక్ ఇంజన్ల మీద చాలా ఏళ్లు పనిచేశాను. అవీ మీ విమానానికి ఉన్న లైకమింగ్ కంపెనీ ఇంజన్లే, అవీ టర్బో లేనివే. కాబట్టి నీకు జరిగింది నాకు కళ్లకు కట్టినట్లు కనబడుతోంది.

సముద్ర మట్టంలో గాలి ఒత్తిడి దాదాపు 30 అంగుళాల పాదరసం. వెయ్యి అడుగులు ఎక్కితే సుమారు ఒక అంగుళం తగ్గుతుంది. ఫ్లాగ్‌స్టాఫ్‌లో నీ ఇంజనుకు దొరికింది 23 అంగుళాలే. థ్రాటిల్ ఎంత తెరిచినా బయట లేని గాలి లోపలికి రాదు. వెయ్యి అడుగులకు సుమారు మూడు శాతం శక్తి పోతుంది. ఇది ఎవరూ తప్పించలేరు.

తప్పించగలిగినది మరొకటి ఉంది. గాలి తగ్గింది, పెట్రోలు తగ్గలేదు. మిక్స్చర్ నాబ్ పూర్తిగా లోపల ఉంటే సముద్ర మట్టానికి సరిపోయే పెట్రోలు పోస్తూనే ఉంటుంది. మీ 172ఎస్‌ది ఇంజెక్షన్ ఇంజనే అయినా ఎత్తును బట్టి పెట్రోలును దానంతటది సర్దుకోదు, చేతితో సర్దాలి. పొయ్యిలో తడి కట్టెలు కుక్కి ఊదినట్లు అయిందన్నమాట. ఎత్తు వల్ల పోయిన శక్తి ఎలాగూ పోయింది, మిగిలిన దానిలో కొంత నీ చేతితోనే పోగొట్టుకున్నావు.

విమానంతో ఇచ్చే పుస్తకం తీసి చూడు. 3,000 అడుగులకు మించిన చోట నుంచి ఎగిరేటప్పుడు, నిలబడే థ్రాటిల్ పూర్తిగా తెరిచి, ఇంజను నిమిషానికి తిరిగే చుట్లు గరిష్ఠానికి చేరేవరకు మిక్స్చర్ తగ్గించమని అందులోనే రాసి ఉంటుంది. బ్రేకులు బిగపట్టుకో. ఎర్రగా ఉండే ఆ మిక్స్చర్ నాబ్‌ను మెల్లగా తిప్పుతూ బయటకు లాగు. చుట్లు చూపే ముల్లు కొంచెం కొంచెంగా పైకి పాకుతుంది. శబ్దంలో బొంగురు పోయి గొంతు శుభ్రపడుతుంది. ఒక చోట ఆగి, మళ్లీ దిగడం మొదలుపెడుతుంది. అక్కడ నుంచి ఒక్క పిసరు లోపలికి తిప్పి వదిలెయ్యి. ముల్లు చూడకుండా చెవితోనే చెప్పగలిగేవాళ్లను చూశాను.

రాజోలు_రెక్కలు
@నరసాపురం_ఫిట్టర్ గారూ, మీరు రాసింది చదివి పుస్తకం తీశాను. ఉంది. అక్షరం పొల్లుపోకుండా ఉంది. నాకు శిక్షణ ఇచ్చిన చోట, ఎగిరే ముందు మిక్స్చర్ పూర్తిగా లోపలికి అని చదివించి వల్లె వేయించారు. ఎత్తు పెరిగితే మారుతుందని ఒక్కరూ చెప్పలేదు. కోపం వస్తోంది. అంత డబ్బు కట్టించుకుని ఇది చెప్పకపోవడం ఏమిటి?

అమలాపురం_నాన్న
మా అబ్బాయి కూడా అక్కడే, వేరే ఊళ్లో నేర్చుకుంటున్నాడు. మీరు రాసిన చెట్ల సంగతి చదివాక రాత్రి నిద్ర పట్టలేదు. దయచేసి అందరూ వివరంగా రాయండి, నాలాంటివాళ్లు కూడా చదువుతున్నారు.

కొత్తపేట_కొబ్బరి
గోదావరి జిల్లాల వేదికలో ఈ చర్చ ఎందుకో అర్థం కావడం లేదు. మన దగ్గర కొబ్బరి చెట్టుకు మించిన ఎత్తే లేదు. కొండల సంగతులు కొండల వాళ్లకు వదిలేద్దాం.

ధవళేశ్వరం_లెక్కలు
@కొత్తపేట_కొబ్బరి గారూ, ఒక్క లెక్క చూడండి, తర్వాత చెప్పండి.

విమానానికి అడుగుల ఎత్తు తెలియదు. దానికి తెలిసింది గాలి పలచదనం ఒక్కటే. ఎండకు గాలి వ్యాకోచించి పలచబడుతుంది. ఆ పలచదనం లెక్కన విమానం ఎంత ఎత్తులో ఉన్నట్లు ప్రవర్తిస్తుందో, దాన్నే డెన్సిటీ ఆల్టిట్యూడ్ అంటారు. ప్రామాణిక ఉష్ణోగ్రత సముద్ర మట్టంలో 15 డిగ్రీలు, వెయ్యి అడుగులకు రెండేసి డిగ్రీలు తగ్గుతుంది. దానికి పైన ప్రతి డిగ్రీకీ 120 అడుగులు కలుపుకోవాలి.

మన రాజమండ్రి మధురపూడి విమానాశ్రయం ఎత్తు 151 అడుగులు. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండ, 45 డిగ్రీలు అనుకుందాం. ప్రామాణికం కన్నా 30 డిగ్రీలు ఎక్కువ. 30 ఇంటూ 120 అంటే 3,600. ఎత్తుతో కలిపి దాదాపు 3,800 అడుగులు. అరకు లోయ ఎత్తు 911 మీటర్లు, అంటే 2,990 అడుగులు. రాజమండ్రి రన్‌వే మీద నిలబడి ఉన్న విమానం, తనకు తెలియకుండానే అరకును దాటి పైకి వెళ్లిపోయింది. పైగా మన గాలిలో తేమ. తడి గాలి పొడి గాలి కన్నా తేలిక, కాబట్టి ఇంకాస్త కలుస్తుంది.

ఇక ఫ్లాగ్‌స్టాఫ్. 7,000 అడుగుల దగ్గర ప్రామాణికం 1 డిగ్రీ. ఆ రోజు 30. తేడా 29. దాన్ని 120తో హెచ్చిస్తే 3,480. ఎత్తుతో కలిపితే సుమారు 10,500. @రాజోలు_రెక్కలు, నువ్వు పది వేల అడుగుల పైకి వెళ్లవచ్చా అని అడిగావు. ఆ మధ్యాహ్నం పది వేలు దాటిన చోటు నుంచే ముగ్గురితో ఎగిరావు.

కొత్తపేట_కొబ్బరి
అరకు కన్నా రాజమండ్రి ఎత్తు అని ఇంట్లో చెబితే నమ్మలేదు. కాగితం మీద వేసి చూపించాను. నా అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నాను, కొనసాగించండి.

మండపేట_మోటార్లు
ట్రాక్టర్లకు, లారీలకు టర్బో ఎప్పుడో వచ్చింది. ఇరవై ఏళ్ల నుంచి బాగు చేస్తున్నాను. అంత ఖరీదైన విమానానికి టర్బో పెట్టడానికి ఏమి అడ్డం?

నరసాపురం_ఫిట్టర్
@మండపేట_మోటార్లు, పెట్టినవి ఉన్నాయి. సెస్నా 182లోనే రెండు రకాలూ వచ్చాయి. టర్బో లేనిదాని సర్వీస్ సీలింగ్ 18,100 అడుగులు, ఉన్నదానిది 20,000. నిమిషానికి వంద అడుగులు మాత్రమే ఎక్కగలిగే ఎత్తును సర్వీస్ సీలింగ్ అంటారు. చూడండి, సీలింగులో తేడా రెండు వేల అడుగులే. అసలు లాభం మధ్య ఎత్తుల్లో శక్తి నిలబడటం.

దానికి చెల్లించేది కూడా ఉంది. లారీవాళ్లు ఘాట్ ఎక్కి ఆపిన తర్వాత రెండు నిమిషాలు ఇంజను ఊరికే తిప్పుతారు కదా, టర్బో చల్లబడటానికి. ఇక్కడా అంతే. గాలితో చల్లబడే ఇంజను, పైన పలచటి గాలి, లోపల ఎక్కువ వేడి. సిలిండర్లు త్వరగా అరుగుతాయి. చీకాకులు పెరుగుతాయి, ఖర్చు పెరుగుతుంది. శిక్షణ విమానం రోజంతా వెయ్యి రెండు వేల అడుగుల్లో తిరుగుతుంది. దానికెందుకు?

రావులపాలెం_చరిత్ర
టర్బో లేకపోతే ప్రాణం తాకట్టే అన్న @యానాం_తీరం గారికి: 1948 మే 24న మన వాయుసేన ఎయిర్ కమోడోర్ మెహర్ సింగ్ లడఖ్ కొండల్లోని లేహ్‌లో డకోటా రవాణా విమానం దింపారు. అప్పటికి అక్కడ ఉన్నది ఇసుక నేల మీద చదును చేసిన మైదానం. పక్కన జనరల్ తిమ్మయ్య కూర్చున్నారు. ఆ విమానానికి టర్బో లేదు.

నరసాపురం_ఫిట్టర్
ఆ కథ చెప్పుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది. కానీ ఇక్కడ ఉదాహరణగా చెల్లదు. డకోటా ఇంజన్లకు టర్బో లేదు నిజమే, సూపర్‌ఛార్జర్ ఉంది. ఎగ్జాస్టుతో కాకుండా ఇంజను గేర్లతోనే తిరిగే పంకా గాలిని లోపలికి తోస్తుంది. ఆ సాయం ఈ అబ్బాయి 172కు లేదు.

రావులపాలెం_చరిత్ర
సరిదిద్దినందుకు సంతోషం. అయితే ఇది చెల్లుతుంది. 1960లో ఫ్రెంచి పైలట్ ఆంరీ జిరో పైపర్ సూపర్ కబ్‌తో మాంట్ బ్లాంక్ శిఖరం మీదే దిగాడు. 4,807 మీటర్లు. దానికి ఏ ఛార్జరూ లేదు, 172 కన్నా చిన్న ఇంజను.

ధవళేశ్వరం_లెక్కలు
అందులో కిటుకు రెక్కల్లో ఉంది. సూపర్ కబ్ బరువు తక్కువ, రెక్క పెద్దది. ఇంజను ఒక్కటే చూడకూడదు, అది ఎంత బరువును మోస్తోందో చూడాలి. బరువు తగ్గించుకోవడం మన చేతిలో ఉన్న టర్బో. 172ఎస్ రెండు ట్యాంకుల్లో వాడుకోగలిగే పెట్రోలు 53 గ్యాలన్లు, అంటే సుమారు 144 కిలోలు. సగం నింపితే ఒక మనిషి దిగిపోయినట్లే.

యానాం_తీరం
కథలు బాగున్నాయి. ఆ జిరోకు కొండలు కొట్టిన పిండి. ఈ తమ్ముడికి ఉన్నది ఎడారిలో గంటలు. ఇంజను సంగతే మాట్లాడుతున్నారు, గాలి సంగతి ఎవరూ ఎత్తడం లేదు. కొండకు అవతలి వైపు గాలి కిందకు జారుతుంది. నిమిషానికి వెయ్యి అడుగుల చొప్పున జారడం అరుదేమీ కాదు. నీ విమానం ఆ ఎత్తులో ఎక్కగలిగేది నిమిషానికి రెండు మూడు వందలే. వరద గోదావరిలో ఒంటి తెడ్డుతో ఎదురీదినట్లు ఉంటుంది. ముక్కు పైకే ఉంటుంది, ఇంజను అరుస్తూనే ఉంటుంది, నువ్వు మాత్రం కిందకు పోతుంటావు. టర్బో ఉంటే తప్పించుకునే శక్తి కొంతైనా మిగులుతుంది. నేను చెప్పేది అదే, ఇంతకు మించి వాదించను.

పాలకొల్లు_డెన్వర్
@యానాం_తీరం గారు చెప్పిన ప్రమాదం నిజం. ఆయన తీర్పుతో మాత్రం ఏకీభవించను. నేను ఇక్కడ పదేళ్లుగా ఎగురుతున్నాను. లెడ్‌విల్‌కు మూడుసార్లు వెళ్లాను, మూడుసార్లూ టర్బో లేని విమానాలే. రెండుసార్లు 182, ఒకసారి 172ఎస్. మరో రెండుసార్లు సగం దారి నుంచి వెనక్కి వచ్చాను, అవీ లెక్కలో వేసుకోవాలి.

తమ్ముడూ, డెన్వర్ నుంచి పడమరకు నేరుగా గీత గీస్తే దగ్గరే. కానీ ఆ గీత కింద మస్కిటో పాస్ 13,185 అడుగులు. దాని పైన రెండు వేల అడుగుల ఎడం కావాలంటే 15,000కు పైన ఉండాలి, నీ విమానం సీలింగే 14,000. ఆ దారి మరిచిపో. డెన్వర్ పక్కనున్న సెంటెనియల్ విమానాశ్రయం నుంచి దక్షిణంగా కొలరాడో స్ప్రింగ్స్, అక్కడ నుంచి క్యాన్యన్ సిటీ. అక్కడ అర్కాన్సా నది కొండల్లోంచి బయటకు వస్తుంది. ఆ నదిని పట్టుకో. సలైడా, బ్యూనా విస్టా మీదుగా ఎగువకు వెళ్తే నది పుట్టే చోటే లెడ్‌విల్. నేల మెల్లగా లేస్తుంది, నువ్వూ మెల్లగా లేవవచ్చు. ఇబ్బంది అనిపిస్తే వెనక్కి తిరిగి ఏరు వెంట పల్లానికి జారిపో. గోదావరి గట్టు మీద పెరిగినవాడికి ఏటి దారి కొత్తగా నేర్పాలా?

ఇంకొన్ని, ఎందుకంటే ఇవి ఎవరో ఒకరు నాకు చెప్పబట్టే ఇక్కడ ఉన్నాను. లోయ మధ్యలో వెళ్లకు, ఒక పక్కకు ఒదిగి వెళ్లు, తిరగడానికి చోటు మిగులుతుంది. పలచటి గాలిలో వేగ సూచీ చూపేదాని కన్నా నిజవేగం ఎక్కువ, తిరిగే వలయం ఇంకా పెద్దది. శిఖరాల దగ్గర గాలి 25 నాట్లు (గంటకు సుమారు 46 కిలోమీటర్లు) దాటితే ఆ రోజు ఇంట్లో కూర్చో. తెల్లవారుజామున బయలుదేరి పదింటికల్లా కొండల్లోంచి బయటపడాలి. ఎగిరేటప్పుడు రన్‌వే సగానికి చేరేసరికి నేల వదిలే వేగంలో 70 శాతం రాకపోతే థ్రాటిల్ మూసెయ్యి. లెడ్‌విల్ రన్‌వే 6,400 అడుగులు, ఆగడానికి చోటుంటుంది.

అన్నిటికన్నా ముఖ్యం దిగడం. ఇక్కడే మంచివాళ్లు కూడా మోసపోతారు. నీ సూచీలో 61 నాట్లు ఉంటే, ఆ ఎత్తులో నేల మీద నిజవేగం దాదాపు 72. కిటికీలోంచి చూస్తే చాలా వేగంగా వస్తున్నట్లు కనబడుతుంది. కన్ను తగ్గించు తగ్గించు అంటుంది. తగ్గించావా, రెక్క పట్టు వదిలేస్తుంది. రెక్కకు తెలిసింది సూచీలోని 61 మాత్రమే. కన్నును నమ్మకు.

తణుకు_బుల్లెట్
ఈ చివరి పేరా రెండుసార్లు చదివాను. కన్ను ఒకటి చెబుతుంటే ముల్లును నమ్మడం చాలా గట్టి గుండె ఉంటేనే సాధ్యం.

భీమవరం_చెరువు
విమానం ఊపిరి గురించే రాస్తున్నారు, లోపల ఉన్న మనిషి ఊపిరి మాటేమిటి? మాకు వెనామీ చెరువులు ఉన్నాయి. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది. పగలంతా ఆక్సిజన్ ఇచ్చిన నాచే రాత్రి దాన్ని తాగేస్తుంది. మూడింటికి ఏరియేటర్లు ఆగిపోయాయంటే రొయ్య పైకి తేలి గట్టు వెంట చేరుతుంది. కళ్లతో చూసేసరికే ఆలస్యం అయిపోతుంది, అందుకే మీటరు పెట్టి కొలుస్తాం. పైలట్‌కు అలాంటి మీటరు ఏమైనా ఉందా?

కాకినాడ_వైద్యుడు
@భీమవరం_చెరువు గారూ, మీ పోలిక కన్నా మంచిది నేను చెప్పలేను. ఉంది. వేలికి తొడిగే పల్స్ ఆక్సీమీటర్. కరోనా రోజుల్లో ప్రతి ఇంట్లో కొన్నదే.

రొయ్య అయితే తేలి చూపిస్తుంది. మనిషి చూపించడు, అక్కడే ప్రమాదం. ఆక్సిజన్ తగ్గుతుంటే మెదడుకు ముందు హాయిగా అనిపిస్తుంది. అంతా బాగుందనిపిస్తుంది. లెక్కలు తప్పుతాయి, తప్పినట్లు తెలియదు. గోళ్లు నీలంగా మారేసరికి దాన్ని పట్టించుకునే తెలివి కూడా మందగిస్తుంది. 10,000 అడుగుల దగ్గర ఆరోగ్యవంతుడి రీడింగు 90 దగ్గరలో ఉంటుంది, 12,500కు వెళ్లేసరికి 80ల మధ్యకు జారవచ్చు. రాత్రి చూపు అయితే 5,000 అడుగుల నుంచే తగ్గుతుంది.

అమెరికా నిబంధన ప్రకారం 12,500 దాటి అరగంటకు మించితే పైలట్ ఆక్సిజన్ పెట్టుకోవాలి, 14,000 దాటితే మొత్తం సమయం పెట్టుకోవాలి. శరీరం ఆ గీత వరకు ఆగుతుందని ఎవరూ హామీ ఇవ్వలేదు. సముద్రం పక్కన పుట్టి పెరిగి, ముందు రోజు రాత్రి సరిగా నిద్రపోకుండా, సిగరెట్టు కాల్చే అలవాటు కూడా ఉంటే ఇంకా కిందే మొదలవుతుంది. ఒక చిన్న సిలిండరు అద్దెకు తీసుకోండి. పదివేలు దాటితే పెట్టుకోండి. ఆక్సీమీటర్ మీ ఇద్దరి వేళ్లకూ ఉండాలి, ఒకరిది ఒకరు చదవాలి.

అమలాపురం_నాన్న
డాక్టరు గారూ, మా ఇంట్లో ఆ పరికరం ఉంది. అబ్బాయికి పంపిస్తాను. అక్కడ దొరుకుతుందని తెలుసు, అయినా పంపిస్తాను.

నరసాపురం_ఫిట్టర్
ఒకటి మరిచాను. దిగేటప్పుడు ఎర్ర నాబ్‌ను మళ్లీ కొద్దికొద్దిగా లోపలికి తిప్పుతూ రావాలి. పైన సరిపోయిన మిక్స్చర్ కింద చాలక ఇంజను దగ్గుతుంది. వెయ్యి రెండు వేల అడుగులకు ఒకసారి సర్దు. నేల మీద టాక్సీ చేసేటప్పుడు కూడా బాగా తగ్గించి ఉంచు. ఎప్పుడూ నిండా పోసి నడిపే ఇంజనుకు కింది ప్లగ్గులు విప్పితే లోపల ఆవగింజలంత సీసపు గుండ్లు ఇరుక్కుని కనబడతాయి. ఆ పెట్రోలులో సీసం ఉంటుంది మరి. సూదిమొనతో ఒక్కొక్కటీ గీకి తీసేవాళ్లం. ఒక్క గుండు చాలు, ఆ ప్లగ్గు నిప్పు రాల్చదు.

రాజోలు_రెక్కలు
అన్నీ కాగితం మీద రాసుకున్నాను. కొండల్లో నేర్పే శిక్షకుడు ఒకరు దొరికారు. మిత్రుడు ఈసారికి నేల మీదే ఉంటాడు, శిక్షకుడూ నేనూ మాత్రమే. శనివారం బయలుదేరుతున్నాం.

రాజోలు_రెక్కలు
శనివారం వెళ్లలేకపోయాం. సలైడా వరకు వెళ్లాము. సూర్యుడు వచ్చిన అరగంటకే పడమటి గట్టు మీద నుంచి గాలి జారడం మొదలైంది. @యానాం_తీరం గారు రాసింది అక్షరాలా జరిగింది. థ్రాటిల్ పూర్తిగా తెరిచి ఉంది, ముక్కు పైకి ఉంది, ముల్లు మాత్రం నిమిషానికి 500 అడుగులు కిందకు చూపిస్తోంది. ఒక పక్కకు ఒదిగి ఉన్నాం కాబట్టి తిరగడానికి చోటుంది. శిక్షకుడు ఏమీ అనలేదు, నా వైపు చూశారు. నేనే తిప్పాను. నది వెంట పల్లానికి వచ్చేసరికి గాలి వదిలేసింది.

యానాం_తీరం
మంచి పని చేశావు తమ్ముడూ. నేను మొదట రాసిన మాటల్లో కరుకుదనం ఎక్కువైంది, మనసులో పెట్టుకోకు. తిప్పగలిగినవాడివి కాబట్టి మళ్లీ వెళ్లినా నాకు భయం లేదు.

పాలకొల్లు_డెన్వర్
నా మొదటి ప్రయత్నమూ సలైడా దగ్గరే ఆగింది. వచ్చే వారం గాలి తగ్గేలా ఉంది, చూసుకో.

రాజోలు_రెక్కలు
దిగాను! ఆదివారం ఉదయం, ఎనిమిది దాటిన కాసేపటికి. గాలి నాలుగు నాట్లు. నేల మీద 6 డిగ్రీలు. @ధవళేశ్వరం_లెక్కలు మాస్టారూ, మీ పద్ధతిలో లెక్క వేస్తే సుమారు 11,250 వచ్చింది. ట్యాంకులు సగానికి కాస్త పైన నింపుకుని బయలుదేరాం. లోయలో 11,500 వరకు ఎక్కాము. ఆక్సిజన్ గొట్టం ముక్కుకు ఉంది, రీడింగు 94. ఒకసారి శిక్షకుడు కావాలని గొట్టం తీయించి పది నిమిషాలు ఆగి చూపించారు, 87. డాక్టరు గారు అన్నట్లే నాకు ఏ తేడా తెలియలేదు, చాలా బాగుందనే అనిపించింది. ఆయన అడిగిన చిన్న కూడిక మాత్రం రెండుసార్లు తప్పు చెప్పాను.

దిగేటప్పుడు కన్ను నిజంగానే మోసం చేసింది. రన్‌వే పక్క గడ్డి చారలు చారలుగా వెనక్కి పోతోంది, చెయ్యి దానంతటదే థ్రాటిల్ వెనక్కి లాగబోయింది. 61, 61 అని పైకే అనుకుంటూ వచ్చాను.

తిరిగి ఎగిరేటప్పుడు బ్రేకులు బిగపట్టి ఎర్ర నాబ్ తిప్పాను. @నరసాపురం_ఫిట్టర్ గారూ, విన్నాను. బొంగురు పోయి గొంతు శుభ్రపడటం విన్నాను. రన్‌వే సగానికి రాకముందే కావలసిన వేగం వచ్చింది. నేల వదిలాక ముల్లు 300 పైనే నిలిచింది. ఫ్లాగ్‌స్టాఫ్ కన్నా పలచటి గాలి, అదే రకం విమానం.

నరసాపురం_ఫిట్టర్
చదివి ఇంట్లో అందరికీ వినిపించాను బాబూ. ఆ విమానం మళ్లీ తీసుకున్నప్పుడు దాన్ని చూసుకునే మెకానిక్‌ను పరిచయం చేసుకో. వంద గంటల తనిఖీకి ప్లగ్గులు విప్పే రోజు పక్కన నిలబడు. నేను చెప్పిన ఆవగింజలు ఒకసారి నీ కళ్లతో చూడాలి.

అమలాపురం_నాన్న
రాత్రి మా అబ్బాయికి ఫోను చేసి ఎర్ర నాబ్ ఎప్పుడు బయటకు లాగుతావు అని అడిగాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, మీకు ఇవన్నీ ఎవరు చెప్పారు నాన్నా అన్నాడు. ఈ చర్చ మొత్తం పంపించాను.